కొలిమి చల్లారిన పిదప

జాతులు తమ చరిత్రను తామే చెక్కించుకొనునపుడు శిలలు సత్యము పలుకుట అరుదు. కాదేషు యుద్ధమున హిత్తీయుల నగరమును పట్టజాలక మఱలివచ్చిన ఐగుప్తు చక్రవర్తి రెండవ రామెసేసు ఆ యుద్ధమునే తన యేకవీరవిజయముగా దేవాలయముల గోడలపై పెక్కుచోట్ల చెక్కించుకొనెను. క్రీస్తుపూర్వము 701లో యూదాదేశముపై దండెత్తిన అష్షూరు రాజు సన్హెరీబు, తాను పట్టిన కోటల లెక్కను, గైకొన్న కప్పముల పట్టికను సవిస్తరముగా వ్రాయించి, యెరూషలేము రాజును వాని నగరములోనే దిగ్బంధము చేసితినని గర్వించెనే గాని, ఆ నగరమును పట్టుకొంటినన్న మాట మాత్రము వ్రాయింపలేకపోయెను. ఇట్టి ఆత్మస్తుతుల నడుమ ఒక చిన్నజాతి, తన రాజధాని కాలి, దేవాలయము కూలి, కడపటి రాజు కన్నులు పొడిచివేయబడి సంకెళ్లతో పరదేశమునకు ఈడ్వబడిన పిమ్మట, మిగిలిన తోలుచుట్టలు ముందు పెట్టుకొని కూర్చుండి, తన రాజుల నొక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి వారి దోషములను లెక్కించి, కడకు ఇది మనకు తగినదేనని తనపై తానే తీర్పు వ్రాసికొనెననుట నాకు ఎన్నిమాఱులు తలచుకొన్నను వింతగానే యుండును. పరాజయమును దాచుకొనుట లోకసహజము. దానిని పవిత్రగ్రంథముగా చేసికొని తరతరములు బిడ్డలచేత చదివించుట లోకసహజము కాదు.

అయినను ఒక మాట న్యాయముగా చెప్పవలెను. కోపించిన దైవము తన జనులను శత్రువునకు అప్పగించునను భావము ఇశ్రాయేలీయుల కొక్కరికే సొంతమైనది కాదు. 1868లో యొర్దానునకు తూర్పున, పూర్వపు మోయాబు దేశములోని ధీబానులో వెలుగుచూచి, నేడు పారిసు నగరమందలి లూవ్రు ప్రదర్శనశాలలో నున్న నల్లరాతి శాసనములో మోయాబు రాజు మేషా, ఇశ్రాయేలు రాజగు ఒమ్రీ తమ్ము బహుకాలము పీడించుటకు తమ దేవుడు కెమోషు స్వదేశముపై కోపించి యుండుటయే కారణమని చెప్పుకొనెను. అయితే కెమోషునకు కోపమేల వచ్చినదో ఆ శాసనము చెప్పదు; అడుగవలెనని మేషాకు తోచినట్లును లేదు. ఆయన ఆగిన చోటనే యూదా ప్రవక్తలు మొదలుపెట్టిరి. వారికి దైవకోపము కారణము తెలియని గ్రహపీడ కాదు. దానికి కారణముండెను, ఆ కారణము సంతలో తప్పుడు తూనికరాళ్లయందును, నగరద్వారమున పెద్దలు కూర్చుండు న్యాయపీఠమునందును, పొలమునకు పొలము కలుపుకొనుచు పోయిన గట్లయందును అందఱికిని కనబడుచునే యుండెను. చేసికొన్నవారికి చేసికొన్నంత యని మన పెద్దలు ఒక మనిషిని గూర్చి యనుమాటను వారు ఒక జాతిమొత్తమును గూర్చి యనిరి, అనుటకు వెఱవలేదు.

బంధము లేనిచోట ద్రోహము లేదు. ఐగుప్తులో ఇటుకలు చేయు బానిసలుగా నున్న జనమును విడిపించి, సీనాయి కొండయొద్ద వారితో నిబంధన చేసికొనెనని వారు నమ్మిన దేవునకును వారికిని నడుమ నున్నది కేవలము ఏలిక యేలుబడుల సంబంధమే యైనచో, అపరాధమునకు జరిమానా చెల్లించి చేతులు దులుపుకొనుట సాధ్యమై యుండెడిది. క్రీ.పూ. 8వ శతాబ్దమున, ఉత్తరరాజ్యమున రెండవ యరొబాము పాలనలో సంపద పొంగిపొరలుచున్న దినములలో, హోషేయ ప్రవక్త ఆ సంబంధమును దాంపత్యముగా చూపెను. చూపుట ప్రసంగముతో కాదు. తన కాపురముతోనే చూపెను. దిబ్లయీము కుమార్తెయగు గోమెరును పెండ్లాడి, ఆమె పరులపాలగుట కన్నులార చూచి, పుట్టిన బిడ్డలకు జాలి నోచుకోనిదనియు, నా జనము కానివాడనియు వినినవారు ఉలికిపడు పేళ్లు పెట్టి, పిమ్మట ఆమెయేయని పలువురు వ్యాఖ్యాతలు తలచు స్త్రీని 15 తులముల వెండియు కొంత యవధాన్యమును కొలిచి యిచ్చి మఱల ఇంటికి తెచ్చుకొనెను. ఆ యవల సంగతి చదివినపుడెల్ల నా మనస్సు అచటనే ఆగిపోవును. వెండి చాలక, గాదెలో నున్న గింజలు కూడ కొలిచి, ఇరుగుపొరుగు చూచుచుండగా తన భార్యను తానే కొనుక్కొని తెచ్చుకొన్న ఆ పురుషుని ముఖమును ఊహించుకొన్నవాడు, దైవకోపమును గూర్చి హోషేయ పలికిన కఠినవాక్యములను న్యాయాధిపతి కంఠముతో చదువలేడు. మోసపోయిన భర్త ఆగ్రహమును, అతడు విడువజాలని మమకారమును వానిలో ఒక్కటిగానే వినబడును.

బయలుదేవతను కొలిచిన ఆనాటి రైతును నేను తేలికగా నిందింపజాలను. 1929 మొదలు సిరియా తీరమున రాస్ షమ్రా దిబ్బను త్రవ్వగా దొరకిన ఉగారితు మట్టిపలకలను బట్టి చూడగా, బయలు మేఘముల నధిరోహించి ఉఱుములతో వాన కురిపించు దేవుడు. కనాను కొండసీమయో, ఐగుప్తునకు నైలునదివలె ఏటేట పొంగి పొలము తడుపు నది లేని మెట్టనేల. తొలకరి తప్పిన విత్తు మాడును. కడవరి వాన తప్పిన వెన్ను పాలుపట్టదు. అట్టి నేల దున్నువాడు, ఎడారిలో తన తాతలను నడిపించిన దేవుడు యుద్ధములకును ధర్మశాస్త్రమునకును ఘనుడే గాని దుక్కి విత్తుల సంగతి ఆయనకేమి తెలియునని లోలోన సంశయించి, ఆయనకొక నమస్కారమును వానదేవున కొక బలియు పెట్టి ఉభయులను మంచి చేసికొనజూచుట మానవస్వభావమునకు దూరమైనది కాదు. అతడు తన దేవుని విడిచితినని ఏనాడు ననుకొని యుండడు. ఇంకొకరిని చేర్చుకొంటిననియే యనుకొని యుండును. హోషేయకు దుఃఖము కలిగించినది సరిగా ఆ చేర్పే. ధాన్యమును ద్రాక్షారసమును తైలమును ఇచ్చిన చేతిని మఱచి, ఆ చేతి కానుకలనే కొనిపోయి పరుని సన్నిధిని అలంకరించుట కాపురములో ఎంతటి ద్రోహమో నిబంధనలోను అంతటి ద్రోహమే. పైగా బలి యిచ్చి లెక్క తీర్చుకొనుటకు అలవాటుపడిన మనస్సు సీనాయి దేవునితోను అట్లే లెక్క తీర్చుకొనగోరును. కాని దరిద్రుని జోడు చెప్పుల వెలకు అమ్మివేసినవారి పండుగలును పాటలును ఆ దేవునకు వెగటు పుట్టించుచున్నవని హోషేయకు సమకాలికుడగు ఆమోసు బేతేలు గుడిముందే నిలిచి చాటి, అచటి యాజకునిచేత ఊరు విడిచి పొమ్మనిపించుకొనెను. ఆ రాజ్యము క్రీ.పూ. 722 ప్రాంతమున కూలెను. దాని రాజధాని షోమ్రోనునుండి 27 వేలకు పైబడిన జనమును చెఱగొనిపోతినని అష్షూరు రాజు సర్గోను తన శాసనములలో వ్రాయించుకొనెను.

దక్షిణమున మిగిలిన యూదా ఆ పాఠము నేర్చుకొనెనా? విశ్వాసఘాతము విగ్రహముల గదిలో మాత్రమే జరుగునని తలచువారు యిర్మీయా ప్రవక్త గ్రంథమున 34వ అధ్యాయము చదువవలెను. బబులోను రాజు నెబుకద్నెజరు సేనలు యూదా కోటల నొక్కటొక్కటిగా పట్టుకొనుచు వచ్చి, యెరూషలేము గాక లాకీషు, అజేకా యను రెండు దుర్గములే మిగిలియున్న దినములవి. 1935లో లాకీషు దిబ్బలో, కాలిపోయిన కోటద్వారపు గదియందు, ఆ కాలపు సైనికోద్యోగులు కుండపెంకులపై సిరాతో వ్రాసికొన్న జాబులు దొరకినవి. అందొక పెంకుపై ఒక చిన్న అధికారి, తాము లాకీషు నుండి వచ్చు అగ్నిసంకేతముల కొఱకు కనిపెట్టుకొని యున్నామనియు, అజేకా సంకేతములు కనబడుట లేదనియు తన పైయధికారికి విన్నవించుకొనెను. చేతిలో ఇమిడిపోవు ఆ పెంకులో ఒక దేశము ఆఱిపోవుచుండుట చూడవచ్చును.

ఆ భయములో రాజగు సిద్కియా నగరప్రముఖులను కూడగట్టి ఒక ప్రమాణము చేయించెను. హెబ్రీ దాసదాసీజనమును ఏడవయేట విడిచిపెట్టవలెనన్న ధర్మవిధి ఎన్నడో గ్రంథమునకు పరిమితమైపోయెను. శత్రువు గుమ్మము తట్టుచుండగా దానిని జ్ఞప్తికి తెచ్చుకొని, దేవాలయమున ఒక దూడను రెండుగా కోసి, మాట తప్పినవానికి ఈ దూడ గతియే పట్టునను సంకేతముతో ఆ ఖండముల నడుమ నడచి, తమ తమ బానిసలను విడిచిపెట్టెదమని అధిపతులు యాజకులు భూస్వాములు ఒట్టు పెట్టుకొనిరి, విడిచిపెట్టిరి కూడ. అంతలో ఐగుప్తునుండి ఫరో సేన బయలుదేరెనను వార్త వచ్చెను. బబులోనీయులు ముట్టడి సడలించి దానికెదురుగా కదలిరి. నగరము ఊపిరి పీల్చుకొనెను. ఆ ఊపిరి పీల్చుకొన్నవారు మొట్టమొదట చేసిన పని, విడిచిపెట్టిన బానిసలను వెదకి పట్టుకొని మఱల కాడిక్రిందికి తెచ్చుట. కొన్ని దినములు తన పొద్దు తనదిగా లేచి, తన కుండలో తనకొఱకు గంజి కాచుకొన్న ఒక దాసి, ఒకనాటి యుదయమున గుమ్మమునొద్ద పాత యజమాని మనుష్యుని చూచి, వాడు నోరు తెఱవకమునుపే సంగతి గ్రహించి, లేచి వాని వెంట నడచిపోవుట నేను ఊహించుకొందును. గ్రంథకర్త ఆమె పేరు చెప్పలేదు. ఆమె వంటివారిని కాడిక్రిందికి తెచ్చినందులకే యెరూషలేమునకు తీర్పు పలుకబడెనని మాత్రము చెప్పెను. తన్ను దాస్యగృహమునుండి విడిపించినవాడుగా నెఱిగిన దేవుని యెదుట ప్రమాణము చేసి, ఆ దేవుడు విడిపించినవారిని మఱల దాస్యమునకు తెచ్చుకొన్న జాతి, ఆ దినమున ఏ విగ్రహమునకు సాగిలపడినను పడకపోయినను, నిబంధన తెగగొట్టుకొన్నట్లే. ఆడి తప్పుట విగ్రహారాధనలో కెల్ల పెద్ద విగ్రహారాధన. ఏలయన అక్కడ తన సౌఖ్యమే దైవమగుచున్నది.

ఇట్టి జాతికి వచ్చు తీర్పును ప్రవక్తలు కంసాలి కొలిమితో పోల్చిరి. వెండి మష్టుగా మాఱెనని యెషయా యనెను. ఇత్తడియు తగరమును ఇనుమును సీసమును కలిసి కరగు కొలిమి యెరూషలేము నగరమేనని యెహెజ్కేలు చెప్పెను. పూర్వులు వెండిని శుద్ధి చేసిన విధము తెలిసినచో ఈ పోలిక యెంత నిర్దాక్షిణ్యమైనదో బోధపడును. మలినమైన వెండితో సీసమును చేర్చి, ద్రవమును పీల్చుకొను స్వభావముగల మూసలో పెట్టి, తిత్తులతో గాలి కొట్టుచు తీవ్రముగా కాల్చుదురు; గాలి తగిలి భస్మమైన సీసము ఇతర లోహముల మాలిన్యమును తనతో ఈడ్చుకొని మూసగోడలలోనికి ఇంకిపోవును; కడకు తెఱ తొలగినట్లు వెండి తళుక్కున మెఱయును. ఆ మెఱపు కొఱకే అంత వేడియు, అంత ఓర్పును. అయితే యిర్మీయా ఈ పోలికను ఎత్తుకొని, ఎవరును తలపని చోటికి కొనిపోయెను. తిత్తులు కొట్టికొట్టి కాలిపోయినవి, సీసమంతయు దగ్ధమయ్యెను, అయినను మాలిన్యము వీడలేదు, ఇక ఇది పాఱవేయదగిన వెండియే యని ఆయన చెప్పెను. శుద్ధి కొఱకు రగిల్చిన అగ్ని శుద్ధి చేయకయే ఆఱిపోవచ్చును. కష్టములు మనుష్యుని పుటము పెట్టిన బంగారము చేయునని ధర్మోపన్యాసకులు సులభముగా చెప్పు మాటను, అగ్నిని అందఱికంటె దగ్గఱగా చూచిన ఆ ప్రవక్త అంత సులభముగా అంగీకరింపలేదు.

ఆయన సంశయము నిజమైనది. ఐగుప్తు సేన వచ్చినదారినే మఱలిపోయెను, బబులోనీయులు తిరిగివచ్చిరి, క్రీ.పూ. 586 ప్రాంతమున ప్రాకారము పగిలి, సొలొమోను కట్టించిన మందిరము బూడిదయ్యెను. మిగిలినవారిలో కొందఱు యిర్మీయా వలదన్నను వినక, ఆయనను కూడ వెంటబెట్టుకొని ఐగుప్తునకు పాఱిపోయిరి. అక్కడ ఆయన తీర్పును గూర్చి మఱల హెచ్చరింపగా, స్త్రీలు పురుషులు ఏకకంఠముగా ఇచ్చిన జవాబు చరిత్రలో మఱువరానిది. ఆకాశరాణికి ధూపము వేయుచు ఆమెకు అప్పములు సమర్పించినన్నాళ్లు మాకు అన్నమునకు కొదువ లేకుండెను. దానిని మానినది మొదలుకొనియే ఖడ్గమును క్షామమును మా వెంటబడినవి. కావున నీ మాట వినము, మా మ్రొక్కు మేము చెల్లింతుము అని వారనిరి. యిర్మీయా చూచిన బూడిదనే వారును చూచిరి. ఆయన పడిన ఆకలినే వారును పడిరి. ఆయన ఒక అర్థము చెప్పెను, వారు దానికి సరిగా విపరీతమైన అర్థము చెప్పుకొనిరి. వారి తర్కములో లోపమున్నదని వారికి కేవల తర్కముచేత చూపుట కష్టము. అగ్ని తన యర్థమును తానే నుదుట వ్రాసికొని రాదు. అందువలననే విపత్తు వచ్చినంతమాత్రాన జాతి పవిత్రమగునని నేను నమ్మజాలను. విపత్తు ప్రశ్న వేయును. ప్రత్యుత్తరము జాతి యంతరాత్మ ఇచ్చుకొనవలసినదే.

బబులోనుకు కొనిపోబడినవారు వేఱొక ప్రత్యుత్తరము మెల్లమెల్లగా నేర్చిరి. అదియు ఒక్కనాట కాలేదు. కెబారు కాలువయొద్ద యెహెజ్కేలు చుట్టును చేరినవారు తొలుత తాతల పాపము మనుమల నెత్తిన పడెనని గొణుగుకొనుచుండిరి. పుల్లని ద్రాక్షలను గూర్చిన ఒక సామెత వారి నోళ్లలో నలుగుచుండెను. తండ్రులమీద నెట్టివేసిన పాపమును కుమారుడు ఎన్నటికిని కడుగుకొనలేడు. యెహెజ్కేలు ఆ సామెతను ఇక పలుకవలదని నిషేధించి, ఎవని లెక్క వానిదేయని తేల్చిచెప్పెను. నిరాశ కలిగింపదగిన ఆ మాటలోనే నిజముగా ఆశ యున్నది. నా తప్పు నాదే యైనపుడు గదా తిరుగుటయు నా చేతిలో నుండును. యిర్మీయా వారికి జాబు వ్రాసి, అక్కడనే ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుకొనుడని, తమ్ము చెఱగొన్న ఆ పట్టణపు క్షేమము కొఱకే ప్రార్థింపుడని బోధించెను. దేవాలయము లేదు, బలిపీఠము లేదు, రాజు లేడు. గ్రంథమొకటి మిగిలెను, విశ్రాంతిదినమొకటి మిగిలెను, జ్ఞాపకమొకటి మిగిలెను. వానితోనే వారు బ్రతికిరి. తమ దేవుని మందిరము కూలినను ఆయన ఓడిపోలేదనియు, ఓడినది తామేననియు, ఓడించిన రాజు కూడ ఆయన చేతి పనిముట్టేననియు గ్రహించిన నాడు ఆ జాతి తన ప్రాణము దక్కించుకొనెను. మోయాబును అమ్మోనును ఫిలిష్తీయులును ఇట్టి సేనల క్రిందనే నలిగిరి. వారి దేవతలు వారి కోటలతోపాటు అంతరించిరి.

ఇచ్చట ఒక ప్రమాదమును చెప్పకపోయిన నా వ్యాసము అపాయకరమగును. పొరుగువాని యిల్లు కాలుచుండగా వీథిలో నిలిచి ఇది దైవశిక్షయని వ్యాఖ్యానించువారు అన్ని కాలములలో నున్నారు; భూకంపము వచ్చినను వఱద వచ్చినను వారి నాలుకకు పని దొరకును. ప్రవక్తలు వారి కోవకు చెందినవారు కారు. వారు తీర్పు చెప్పినది తమ జాతిపైననే, అదియు ఆ కొలిమిలో తామును నిలిచి. నగరము పడిపోవునని చెప్పినందులకు యిర్మీయాను అధిపతులు పట్టి మల్కీయా యొక్క గోతిలోనికి త్రాళ్లతో దింపగా, నీళ్లు లేని ఆ గోతి బురదలో ఆయన దిగబడెను. ఎబెద్మెలెకు అను కూషుదేశీయుడు, రాజభవనపు కొలువులో నున్న పరదేశి, రాజును వేడుకొని వచ్చి, ఖజానా క్రింది గదినుండి చినిగిన పాతబట్టలు తెచ్చి, త్రాళ్లు ఒఱసికొనకుండ వానిని చంకలలో పెట్టుకొమ్మని పైనుండి దింపి, ఆ పిమ్మట ఆయనను మెల్లగా పైకి లాగించెను. ధర్మశాస్త్రము చదివిన వారు గోతిలోనికి దింపిన ప్రవక్తకు ఆ పాతగుడ్డల దయ చూపినవాడు నిబంధనకు వెలుపలివాడు. నగరము కూలిన పిమ్మట బబులోను సేనాని సగౌరవముగా తనవెంట రమ్మని పిలిచినను యిర్మీయా పోలేదు. పాడుపడిన దేశమున మిగిలిన బీదలతోనే నిలిచెను. ముట్టడి నడుమ, శత్రుసేన దిగియున్న స్వగ్రామమగు అనాతోతులోని పొలమును పినతండ్రి కుమారుని యొద్ద 17 తులముల వెండికి కొని, సాక్షులను పెట్టించి, ముద్రవేసిన క్రయపత్రమును మట్టికుండలో భద్రపఱపించినవాడును ఆయనయే. నాశనము తప్పదని చెప్పిన నోటితోనే ఆ నేలకు భవిష్యత్తు కలదని ఒప్పుకొని, దానికి రొక్కము చెల్లించిన మనుష్యునకే తీర్పును గూర్చి మాటలాడు అధికారము కలదు. ఇక శిక్షాదండమైన రాజులును నిర్దోషులు కారు. గొడ్డలి తన్ను పట్టిన చేతిపై అతిశయించునా యని యెషయా అష్షూరును ఎత్తిపొడిచెను. తనకంటె దుర్మార్గునిచేత తన జాతిని శిక్షింపజేయుట ఏమి న్యాయమని హబక్కూకు దేవునితోనే వాదమునకు దిగెను. తీర్పును అంగీకరించుట యనగా నోరు మూసికొనుట కాదని ఆ వాదము గ్రంథములో చెక్కుచెదరక నిలిచియుండుటయే సాక్ష్యము.

ఆ పాతకథ పాతకథగానే ముగియలేదు. 1865 మార్చి 4న అమెరికా అధ్యక్షుడు లింకను రెండవమాఱు పదవీప్రమాణము చేయునపుడు, అంతర్యుద్ధమున గెలుపు చేతికందుచున్న సమయమున, ఓడుచున్న దక్షిణరాష్ట్రములపై నేరము మోపి ఊరకొనలేదు. రెండువందల యేబది యేండ్లు బానిసల చెమటతో కూర్చిన సంపదకు ఉభయపక్షములు చెల్లింపవలసిన దండనగా దేవుడు ఈ యుద్ధమును పంపియుండవచ్చునని, యిర్మీయా తెగవాడు మాటలాడినట్లే, గెలిచినవాడు తన జాతి పాపమున తన పాలును ఒప్పుకొనుచు మాటలాడెను. ఆ సంవత్సరాంతమున బానిసత్వము రాజ్యాంగసవరణచేత రద్దయ్యెను. కాని ఆ సవరణలోనే నేరమునకు శిక్షగా తప్ప నను మినహాయింపు మిగిలియుండెను. 1877లో దక్షిణమున మిగిలిన కేంద్రసేనలను వెనుకకు తీసికొనిన పిమ్మట, ఆ రాష్ట్రములు నల్లవారిని పనిపాటలు లేక తిరుగుచున్నారన్న నేరముపై పట్టి, ఖైదీలనుగా తోటలకును గనులకును అద్దె కిచ్చెడి పద్ధతి ముమ్మరమయ్యెను. సిద్కియా కొలువులోని ప్రభువులు దీనిని చూచియుండినచో తమ పనియేయని గుర్తుపట్టియుందురు. మంట యుండగా చేసిన ఒట్టు మంట తగ్గగానే సడలిపోయెను.

అందుచేత శుద్ధి జరిగెనో లేదో చూడదగిన చోటు కొలిమి కాదు. బబులోను క్రీ.పూ. 539లో పారసీకరాజు కోరెషునకు లొంగెను. చెఱలోనివారిలో కొందఱు తిరిగివచ్చి రెండవ మందిరమును కట్టుకొనిరి. విగ్రహములు పూర్వము పట్టి పీడించినట్లు ఆ జాతిని మఱల పట్టి పీడింపలేదు. ఆ మాలిన్యము నిప్పులో కాలిపోయెననియే చెప్పవచ్చును. అయితే క్రీ.పూ. 445లో యెరూషలేమునకు అధికారిగా వచ్చిన నెహెమ్యా ప్రాకారము కట్టించుచుండగా బీదల గోల యొకటి లేచెను. కఱవులో గింజల కొఱకు పొలములు తాకట్టు పెట్టితిమి. రాజు పన్ను కట్టుటకు ద్రాక్షతోటలు తాకట్టు పెట్టి అప్పు చేసితిమి. మా కుమార్తెలలో కొందఱు ఇప్పటికే దాసీలై పోయిరి. మా రక్తము వారి రక్తము వంటిది కాదా యని వారు సొంతజాతివారి మీదనే మొఱపెట్టుకొనిరి. విగ్రహము పోయెను గాని అప్పుపత్రము పోలేదు. నెహెమ్యా మండిపడి పెద్దలను సభ కూర్చి నిలదీసెను. ఆ యప్పులు ఇచ్చినవారిలో తానును తన సోదరులును తన పనివారును ఉన్నామని దాచక చెప్పి, పొలములును తోటలును వడ్డీయు ఈ దినమే తిరిగి యిచ్చివేయవలెననెను. వారికి చెప్పుటకు మాట లేకపోయెను. పిమ్మట, ఇచ్చివేసెదము, వారి యొద్ద ఏమియు కోరము అనిరి. నెహెమ్యా వారిచేత యాజకుల యెదుట ఒట్టు పెట్టించి, తన వస్త్రపు ఒడిని దులిపి, మాట తప్పినవాని యింటిని దేవుడు ఇట్లే దులిపివేయుగాక యనెను. జనులు చెప్పిన ప్రకారము చేసిరని గ్రంథము చెప్పుచున్నది.

ఈ రెండు ఒట్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడే శతాబ్దమునకు పైబడిన ఆ కాల్పు ఏమి చేసెనో నాకు బోధపడినది. సిద్కియా కాలమున దూడను కోసిరి, ఖండముల నడుమ నడచిరి, తంతు ఘనముగా జరిగెను. నగరద్వారమున సేన యుండుటచేత జరిగెను, సేన తొలగగానే తొలగెను. నెహెమ్యా కాలమున పొరుగువారి బెదిరింపులున్నను ముట్టడి లేదు, ఆకలితో చచ్చుచున్నది అప్పిచ్చినవారు కారు. వారిని ఒప్పించినది తాము చేసినది తప్పను గుర్తింపు మాత్రమే. అట్లని అంతటితో మాలిన్యమంతయు పోయెనని చెప్పుటకు వీలులేదు. కొంతకాలము దేశాంతరము పోయి తిరిగివచ్చిన నెహెమ్యాయే విశ్రాంతిదినమున సంత సాగుచుండుట చూచి మఱల మందలింపవలసివచ్చెను. మందిరము కట్టిన పిమ్మటి ప్రవక్తయగు మలాకీ, వెండి శోధించువాడు ఇంకను రావలసియున్నాడని చెప్పి, కూలివారిని, విధవరాండ్రను, పరదేశులను బాధించువారి పేరు మఱల ఎత్తెను. తీర్పు వలని శుద్ధి ఒక్క పుటముతో ముగియునది కాదు. కాని దాని తొలిఫలమిది యని చూపుటకు నెహెమ్యా సభ చాలును. ఏ జాతి శుద్ధి పొందెనో తెలిసికొనగోరువాడు ఆపద నడుమ అది చేయు ప్రార్థనలను విని మోసపోరాదు. ఆపద గడచిన మఱునాడు దాని అప్పుపత్రములను తెప్పించి చదువవలెను.